ప్లీడరుగారు ఎక్కడ ఏడవాలి?

కోర్టుకెక్కితే ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడు అని మన పెద్దలు ఊరికే అనలేదు. గట్టు తగాదా ఇరవై ఏళ్లు నడిచాక గెలుపుకీ ఓటమికీ మిగిలే తేడా అంతే. అయితే ఆ సామెతలో మూడో మనిషి లేడు. నల్లకోటు తొడుక్కుని వాళ్ల తరఫున నిలబడిన ప్లీడరు ఎక్కడ ఏడవాలో అందులో చెప్పలేదు.

చట్టం మాత్రం ఆ సంగతి పరోక్షంగా చెప్పింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరు ఒకటో రూలులో, వాయిదాలు ఎప్పుడు ఇవ్వాలో ఎప్పుడు ఇవ్వకూడదో వివరించే చోట, ఒక చిన్న క్లాజు ఉంది. ప్లీడరుకి జబ్బు చేసిందనో, మరో కారణం వల్ల కేసు నడపలేకపోతున్నాడనో వాయిదా అడిగితే ఊరికే ఇవ్వకూడదు. కక్షిదారు సకాలంలో మరో ప్లీడరును పెట్టుకోలేకపోయాడని కోర్టుకి నమ్మకం కుదిరితేనే ఇవ్వాలి. ఆ క్లాజు పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. వాయిదాల మీద వాయిదాలతో నలిగిపోయే కక్షిదారు పక్షాన ఆలోచించి రాశారు. దాన్నే ప్లీడరు వైపు నుంచి చదివితే మరోలా వినిపిస్తుంది. జ్వరమొస్తేనే ప్రత్యామ్నాయం చూపించాల్సిన మనిషి, ‘నెల రోజులుగా నిద్ర లేదు, కట్ట విప్పాలంటే చేతులు వణుకుతున్నాయి’ అని ఏ జడ్జికి చెప్పుకుంటాడు?

కోర్టు హాల్లో వాతావరణం చట్టమంత కఠినంగా ఏమీ ఉండదు. కాలు విరిగితే, ఇంట్లో చావు జరిగితే జడ్జీలు వాయిదా ఇస్తారు. అవతలి పక్షం ప్లీడరు ‘నో అబ్జెక్షన్’ అంటారు. నిన్న క్రాస్‌లో ఒకరినొకరు చీల్చి చెండాడుకున్నవాళ్లే ఇవాళ ఆ మాట అంటారు. ఆ మర్యాద మన బార్‌లో ఇంకా బతికే ఉంది. జూనియర్ లేచి ‘పర్సనల్ గ్రౌండ్స్, యువరానర్’ అంటాడు. ఆ రెండు మాటల వెనక షుగరు ఉండొచ్చు, గుండెకి స్టెంటు ఉండొచ్చు, కూతురి పెళ్లి ఉండొచ్చు. మధ్యాహ్నానికల్లా ఆ సంగతి బార్ రూమంతా తెలిసిపోతుంది, పరామర్శలూ మొదలవుతాయి. ఆ ‘పర్సనల్ గ్రౌండ్స్’ డిప్రెషన్ అయితే మాత్రం చెప్పేవాడూ ఉండడు, అడిగేవాడూ ఉండడు.

ప్లీడర్ల మనసు గురించి మాట్లాడితే చాలామంది వెంటనే యోగా శిబిరం వైపు వెళ్లిపోతారు. యోగా మంచిదే. కానీ ఈ వృత్తిలో మనసు దెబ్బతినడానికి కారణాలు చాలావరకు పని జరిగే పద్ధతిలో ఉన్నాయి. జీతం లేని చాకిరీ, ఎప్పుడు పిలుస్తారో తెలియని పేషీ, ఒక్కరోజు దాటితే హక్కు చచ్చిపోయే గడువు అలాంటివి. వాటి జోలికి వెళ్లకుండా ప్రాణాయామం నేర్పితే, నేర్చుకున్నవాడు మర్నాడు పదిన్నరకి మళ్లీ ఆ హాల్లోనే నిలబడాలి.

లెక్క తేల్చిన సంగతులు

అమెరికాలో ప్రాక్టీసు చేస్తున్న 12,825 మంది న్యాయవాదుల్ని ప్రశ్నించి తేల్చిన ఫలితాలు 2016లో జర్నల్ ఆఫ్ అడిక్షన్ మెడిసిన్‌లో అచ్చయ్యాయి. 28 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు, 19 శాతం మందిలో ఆందోళన, 23 శాతం మందిలో తీవ్రమైన ఒత్తిడి కనిపించాయి. ప్రతి అయిదుగురిలో ఒకరు తాగుడు విషయంలో ప్రమాదపు గీత దాటారు. ఏళ్ల తరబడి కోర్టుల్లో అరిగిపోయిన పెద్దవాళ్లే ఎక్కువగా దెబ్బతిని ఉంటారని అనుకుంటాం. తేలింది వేరు. తాగుడు సమస్య ముప్పై ఏళ్ల లోపు వాళ్లలో, వృత్తిలోకి వచ్చి పదేళ్లు దాటని వాళ్లలో ఎక్కువ. సాయం ఎందుకు తీసుకోలేదని అడిగితే వచ్చిన జవాబుల్లో ముందు వరసలో ఉన్నది ‘నలుగురికీ తెలిసిపోతుంది’ అన్న భయం.

ఇంటర్నేషనల్ బార్ అసోసియేషన్ 2021లో వివిధ దేశాల న్యాయవాదుల మీద జరిపిన సర్వే ఫలితాలు వెలువరించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే అయిదు ప్రశ్నల కొలమానంలో నూటికి 52 కన్నా తక్కువ వస్తే ఆ మనిషి మానసిక స్థితిని మరింత పరిశీలించాలని ఆ సర్వే గీత గీసింది. న్యాయవాదుల సగటు 51. అంటే ఈ వృత్తిలో సగటు మనిషే ఆ గీత కింద ఉన్నాడు. ఆడవాళ్లలో, చిన్న వయసువాళ్లలో సగటు ఇంకా తక్కువ.

ఈ అంకెల్ని తెచ్చి నేరుగా మన జిల్లా కోర్టు మీద అతికించడం సరికాదు. అక్కడి న్యాయవాదుల్లో చాలామందికి ఒక సంస్థ ఉంటుంది, జీతం ఉంటుంది, ఆరు నిమిషాలకొకసారి పనిని లెక్కగట్టే గంటల పట్టీ ఉంటుంది. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో, బెంగళూరు, ముంబైల్లోనో పెద్ద లా ఫర్ములలో చేరిన మన నల్సార్ లా యూనివర్సిటీ పిల్లలకి ఆ బతుకు తెలుసు. నరసరావుపేటలోనో జగిత్యాలలోనో ప్రాక్టీసు చేసే ప్లీడరుకి యజమానే లేడు. కాబట్టి సిక్ లీవు లేదు, పీఎఫ్ లేదు, ఫిర్యాదు చేసుకోవడానికి హెచ్‌ఆర్ లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం ఫుల్‌టైమ్ జీతపు ఉద్యోగం చేయకూడదు, స్వయంగా వ్యాపారం నడపకూడదు, ప్రకటనలు ఇచ్చుకోకూడదు. మూడూ వృత్తి గౌరవం కోసం పెట్టినవే. ఆదాయం ఆగిపోయిన నెలలో ఆ మూడూ కలిసి మనిషిని గోడకి నొక్కేస్తాయి. 2020 మార్చిలో కోర్టులు మూతపడ్డప్పుడు నెలల తరబడి జరిగింది అదే.

మరిచిపోని క్యాలెండరు

జడ్జి కోప్పడితే సాయంత్రానికి మరిచిపోతారు. క్యాలెండరు మరిచిపోదు. చెక్కు బౌన్సయితే బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందినవాడికి 15 రోజుల గడువు. అప్పటికీ డబ్బు కట్టకపోతే ఆపైన నెలలోపు కంప్లయింటు వేయాలి. సివిల్ దావాలో సమన్లు అందాక జవాబు వేయడానికి 30 రోజులు, కోర్టు దయతలిస్తే 90. అదే కమర్షియల్ దావా అయితే 120 రోజులు దాటాక జవాబు వేసే హక్కే పోతుంది, ఎంత బతిమాలినా లాభం లేదు. ఎక్స్‌పార్టీ డిక్రీ పడితే తీయించుకోవడానికి 30 రోజులు. కాస్త పేరున్న ప్లీడరు ఆఫీసు బీరువాలో వందల కట్టలుంటాయి. ప్రతి కట్టలోనూ ఇలాంటి తేదీ ఒకటి కూర్చుని ఉంటుంది. నడిరాత్రి మెలకువ వచ్చి, ఫలానా అప్పీలు వేశామా లేదా అని లేచి లైటు వేసుకోని ప్లీడరు అరుదు.

ఇప్పుడు ఈ క్యాలెండరు మధ్యలో డిప్రెషన్‌ని పెట్టి చూడండి. ఆ జబ్బు ముందుగా లాక్కునేది పని మొదలుపెట్టే ఓపికని. కవరు విప్పబుద్ధి కాదు. క్లయింటు ఫోను మోగుతుంటే చూస్తూ కూర్చుంటారు. వేరే ఉద్యోగంలో అయితే ఆ వారం పని వెనకపడుతుంది, పై అధికారి చివాట్లు పెడతాడు. ఇక్కడ ఒక హక్కు పోతుంది. అదీ తనది కాదు, తనని నమ్మి వకాలత్ మీద సంతకం పెట్టిన మనిషిది. అది గుర్తొచ్చినకొద్దీ భయం పెరుగుతుంది. భయం పెరిగినకొద్దీ కవరు ఇంకా బరువెక్కుతుంది.

ప్లీడరు రాకపోవడం వల్ల కేసు కొట్టేస్తే, ఆ తప్పుకి ఏమీ తెలియని కక్షిదారును బలిచేయకూడదని సుప్రీంకోర్టు 1981లో రఫీక్ కేసులో చెప్పింది. చాలా సంసారాలు నిలబెట్టిన తీర్పు అది. ఆ రాని ప్లీడరుకి ఏమైందన్నది వేరే దారిలో తేలుతుంది. అడ్వకేట్స్ యాక్ట్ 35వ సెక్షన్ కింద బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు వెళ్తుంది. ఫీజు తీసుకుని పని చేయలేదు, ఫోనెత్తలేదు, కట్ట తిరిగివ్వలేదు అంటారు. అందులో మోసమెంత, బద్ధకమెంత, జబ్బెంత అని విడదీసి, జబ్బయితే వైద్యం వైపు పంపే ఏర్పాటు ఆ సెక్షన్‌లో లేదు. మోసగాళ్లని వెనకేసుకురావాలని కాదు. వాళ్లు ఉన్నారు, వాళ్లకి శిక్ష పడాల్సిందే. కానీ రోగినీ మోసగాణ్నీ ఒకే గాటన కట్టే చోట, రోగి తన రోగం ఒప్పుకుంటాడని ఆశించలేం.

గడువుకి తోడు ఎదురుచూపు ఒకటి. దేశంలో పెండింగు కేసులు 5 కోట్లు దాటాయి. ఆ భారం సాయంత్రం వెలువడే కాజ్ లిస్టులో కనిపిస్తుంది. రాత్రంతా కూర్చుని క్రాస్‌కి తయారై వెళ్తారు. ఉదయం కాల్ వర్క్‌లో సాక్షి రాలేదంటారు. లేదా వచ్చిన సాక్షిని సాయంత్రం దాకా కూర్చోబెట్టి, టైము లేదని మరో తేదీకి పంపేస్తారు. రెండు నెలల తర్వాత ఆ కట్ట మళ్లీ మొదటి పేజీ నుంచి చదవాలి. ఈలోగా పక్క హాల్లో ఇంకో కేసు పిలుస్తారు. జూనియర్ పరిగెత్తుకెళ్లి ‘పాస్ ఓవర్’ అడుగుతాడు. పని ఎక్కువైతే మనిషి అలసిపోతాడు, నిద్రపోతే తేరుకుంటాడు. చేసిన పని మళ్లీ మళ్లీ వృథా అవుతుంటే నిద్రతో తేరుకోలేడు.

దీనికి 2024 జులై 1 ఇంకో బరువు కలిపింది. ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్ట్ పోయి మూడు కొత్త చట్టాలొచ్చాయి. పాత సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టులో క్వాష్ పిటిషన్. కొత్త బీఎన్‌ఎస్‌ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిలు, క్వాష్ 528కి పోయింది. తెలుగువాళ్ల తిట్లలో స్థిరపడిపోయిన ఫోర్ ట్వంటీ కాస్తా 318 అయింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకి ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి రెండు లెక్కలూ తలలో పెట్టుకోవాలి. నలభై ఏళ్లుగా సెక్షన్లని ఇంటిపేర్లలా పలికిన సీనియర్లు జడ్జి ముందు తడబడితే హాల్లో జూనియర్లు నవ్వుకుంటారు. ఆ సాయంత్రం ఆ సీనియర్ ఇంటికెళ్లి ఏం ఆలోచిస్తారో ఆ నవ్వే వయసులో తట్టదు.

‘ఎవరి ఆఫీసు?’

కొత్తగా కోర్టులో అడుగుపెట్టిన కుర్రాడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. తండ్రిదో మేనమామదో ఆఫీసు ఉన్నవాడికి ఆ ప్రశ్న పరిచయం. లేనివాడికి అదో పరీక్ష. ఊళ్లో కూలి చేసో కౌలుకి సాగు చేసో అమ్మానాన్నలు లా చదివిస్తే, ఇంట్లో మొదటి ప్లీడరుగా వచ్చిన పిల్లలు ఇప్పుడు ప్రతి కోర్టులోనూ కనిపిస్తున్నారు. ఊరికి వెళ్తే ‘మా వకీలు సాబ్ వచ్చిండు’ అని మురిసిపోతారు. అదే వకీలు సాబ్ హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది అద్దెకి స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకుంటాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేడు, కోర్టులో చెప్పలేడు. ‘చెట్టు కింద ప్లీడరు’ అని ఎగతాళి చేయడం మనకి సరదా. ఆ పేరుతో 1989లో వంశీ తీసిన సినిమా చూసి హాయిగా నవ్వుకున్నాం కూడా. నిజంగా ఆ చెట్టు కింద నిలబడ్డవాడికి అందులో హాస్యం పెద్దగా కనిపించదు.

ఎన్‌రోల్‌మెంటు దగ్గరే వేలకి వేలు వసూలు చేసే పద్ధతిని సుప్రీంకోర్టు 2024 జులై 30న కొట్టేసింది. చట్టంలో ఉన్న 750 రూపాయలకి, ఎస్సీ ఎస్టీలకైతే 125కి మించి తీసుకోకూడదని తేల్చింది. గుమ్మం ఖర్చు తగ్గింది, లోపలికొచ్చాక తిండి ఖర్చు మిగిలింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో ‘లా నేస్తం’ పేరుతో జూనియర్లకి మొదటి మూడేళ్లు నెలకి 5,000 రూపాయలు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో జూనియర్లకి పట్టణాల్లో నెలకి 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 కనీస స్టయిపెండు ఇవ్వాలని సర్క్యులర్ పంపింది. అది సూచన మాత్రమే. ఇవ్వకపోతే అడిగేవాళ్లు లేరు. జూనియర్ వెళ్లి ఆ సర్క్యులర్ సీనియర్ బల్ల మీద పెడితే ఏమవుతుందో ఊహించడానికి లా డిగ్రీ అక్కర్లేదు.

సీనియర్ల వైపూ వాదన ఉంది, వినాలి. జిల్లా కోర్టుల్లో చాలామంది సీనియర్ల సంపాదన బయట అనుకునేంత ఉండదు. ఫీజు వాయిదాల్లో వస్తుంది, సగం రాదు. ఇచ్చే స్తోమత లేనివాళ్ల గురించి కాదు ఈ ఫిర్యాదు. ఒక్క అప్పియరెన్సుకి లక్షలు తీసుకునే చాంబర్లలోనూ జూనియర్‌కి నెలాఖరున ‘పెట్రోలు ఖర్చులు’ మాత్రమే అందడం గురించి. సీనియర్లు ఎంతమంది తమ జూనియర్లకి గౌరవంగా బతికే జీతం ఇస్తున్నారని జస్టిస్ డీవై చంద్రచూడ్ 2022లో ప్రధాన న్యాయమూర్తి అయిన కొత్తలోనే బార్ సభలో సూటిగా అడిగారు.

డబ్బుకి తోడు తిట్లు. క్లయింట్ల ముందు కట్ట విసిరేయడం, రాసిన డ్రాఫ్టు చింపేయడం, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి పొద్దున్నకల్లా కౌంటరు కావాలనడం. ‘మేమూ ఇలాగే నేర్చుకున్నాం’ అంటారు. నేర్చుకున్నది వృత్తిని. తిట్లు దానికి అంటుకుని వచ్చాయి, అంతే. 2025లో వచ్చిన ‘కోర్ట్’ సినిమాలో ప్రియదర్శి వేసిన జూనియర్ పాత్ర, ఒక్క కేసు సొంతంగా వాదించాలని ఏళ్ల తరబడి సీనియర్ చాంబర్‌లో కాచుక్కూర్చున్న మనిషి. సినిమాలో అతనికి కేసు దొరుకుతుంది. దొరకనివాళ్లు ఏమవుతున్నారు? కొందరు గ్రూప్స్ పరీక్షలకి, కొందరు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి, కొందరు రియల్ ఎస్టేట్‌కి వెళ్లిపోతున్నారు. వెళ్లలేక, ఉండలేక కొట్టుమిట్టాడేవాళ్ల మీదే మనం కన్నేసి ఉంచాలి.

ఒకరి గాయం ఇంకొకరి లోపలికి

పోక్సో కేసు కట్ట ఒకటి తీసి చదివితే మామూలు మనిషికి వారం రోజులు అన్నం సయించదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఆ కట్టలు వరసగా చదవాలి. డిఫెన్స్ న్యాయవాది పరిస్థితి ఇంకో రకం. పసిపిల్ల వాంగ్మూలంలో లొసుగులు వెతకడం ఆయన వృత్తిధర్మం, ఇంటికెళ్తే అదే వయసు కూతురు. ఫ్యామిలీ కోర్టులో రోజూ వినేది విరిగిన కాపురాలే. ఇలా పక్కవాళ్ల గాయం వినేవాడికి అంటుకోవడం మీద అమెరికాలో లెవిన్, గ్రీస్‌బర్గ్ అన్న ఇద్దరు పరిశోధకులు 2003లో ఒక వ్యాసం ప్రచురించారు. మానసిక వైద్య రంగంలో పనిచేసేవాళ్లతో పోల్చితే న్యాయవాదుల్లోనే ఆ లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. చికిత్స చేసేవాళ్లకి ఆ బరువు దించుకునే పద్ధతి చదువులోనే నేర్పుతారు. లా కాలేజీలో ఆ పాఠం లేదు.

కొందరు ఆ బరువుని రాతలోకి దించుకున్నారు. విశాఖలో ప్లీడరీ చేసిన రచయిత రావిశాస్త్రి కోర్టు మెట్ల మీద చూసిన దైన్యాన్నంతా కథలు చేసుకున్నారు. జిల్లా జడ్జిగా పనిచేసిన భాగవతుల నరసింగరావు, భార్య త్రిపురసుందరమ్మతో కలిసి ‘బీనాదేవి’ అన్న కలం పేరుతో రాశారు. అలా దారి వెతుక్కున్నవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే.

భయం కూడా ఉంది. 2021 ఫిబ్రవరిలో పెద్దపల్లి జిల్లాలో హైకోర్టు న్యాయవాద దంపతుల్ని పట్టపగలు నడిరోడ్డు మీద నరికి చంపారు. ఆ వీడియోలు చూసిన ప్రతి ప్లీడరూ తన కట్టల్లో ఏది తన మీదికి తెస్తుందో లెక్కేసుకునే ఉంటారు. రాజస్థాన్, కర్ణాటక శాసనసభలు 2023లో న్యాయవాదుల రక్షణకి బిల్లులు ఆమోదించాయి.

వృత్తి నేర్పే ఆలోచనా పద్ధతి దగ్గర ఇంకో చిక్కుంది. వర్జీనియా యూనివర్సిటీ లా విద్యార్థుల్ని మూడేళ్లు గమనించి 1997లో ప్రచురించిన పరిశోధనలో, నిరాశావాదులకి ఆశావాదుల కన్నా మంచి మార్కులొచ్చాయని తేలింది. ఆశ్చర్యం లేదు. ఏ ఒప్పందం ఎక్కడ విరుగుతుందో, ఏ సాక్షి ఎక్కడ తిరగబడతాడో ముందే ఊహించేవాడే మంచి లాయరు. ఆ చూపుని సాయంత్రం ఆరింటికి కోటుతో పాటు కొక్కేనికి తగిలించడం కుదరదు. ఇంటికెళ్లి భార్య చెప్పిన మాటలో వైరుధ్యం పట్టుకుంటాడు. పిల్లాడు ఆలస్యంగా వస్తే చీఫ్, క్రాస్, రీ-ఎగ్జామినేషన్ అన్నీ గుమ్మంలోనే అయిపోతాయి. ప్లీడరు ఇంట్లోవాళ్లు ఈ వాక్యం చదివి నవ్వుకుంటే తప్పు నాది కాదు.

మహిళా న్యాయవాదుల సంగతికి విడిగా కథనమే కావాలి. ప్రసూతి ప్రయోజన చట్టం ఉద్యోగినులకే వర్తిస్తుంది. సొంత ప్రాక్టీసు చేసే ప్లీడరమ్మ ఏడాది ఇంట్లో ఉండి వస్తే కట్టలు వేరే ఆఫీసులకి వెళ్లిపోయి ఉంటాయి. జస్టిస్ ఎన్‌వీ రమణ ప్రధాన న్యాయమూర్తిగా 2021 అక్టోబరులో ఔరంగాబాద్‌లో మాట్లాడుతూ, దేశంలో 26 శాతం కోర్టు ప్రాంగణాల్లో ఆడవాళ్లకి వేరే మరుగుదొడ్లు లేవనీ, కనీస వైద్య సదుపాయం ఉన్నవి 5 శాతమేననీ లెక్క చెప్పారు. శరీరానికే దిక్కు లేని చోట మనసు సంగతి ఎత్తడం విలాసంలా అనిపిస్తుంది. ఆ రమణగారే 2022 జులైలో రాంచీలో, జడ్జీలు పదింటికి వచ్చి నాలుగింటికి వెళ్లి సెలవులు అనుభవిస్తారన్నది అపోహ అనీ, ఇచ్చిన తీర్పుల గురించి మళ్లీ మళ్లీ ఆలోచిస్తూ నిద్రలేని రాత్రులు గడుపుతారనీ అన్నారు. బెంచి మీదా బెంచి కిందా నిద్ర సంగతి ఒకటేనన్నమాట.

ఊరందరికీ తెచ్చిపెట్టి

ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి సాయం చేయాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన ఐపీసీ 309ని కొత్త న్యాయసంహిత పాత రూపంలో కొనసాగించలేదు. విశాఖలో నీట్ శిక్షణ తీసుకుంటున్న పదిహేడేళ్ల విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న, మానసిక ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసి, కాలేజీలూ కోచింగ్ సెంటర్లూ కౌన్సెలర్లని పెట్టాలని మార్గదర్శకాలిచ్చింది. ఇవన్నీ న్యాయవాదులు కోర్టుల్లో నిలబడి వాదించే హక్కులు. కోచింగ్ సెంటర్‌కి వచ్చిన కౌన్సెలర్ కోర్టు కాంప్లెక్సుకి రాలేదు.

బయటి దేశాల్లో బార్‌లే ఈ పని తలకెత్తుకున్నాయి. అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ న్యాయవాదుల సహాయ కార్యక్రమం ఏదో ఒక రూపంలో ఉంది. వాటికి ఊపిరి గోప్యత. అక్కడ చెప్పుకున్నది క్రమశిక్షణ విభాగానికి చేరదు. బ్రిటన్‌లో లాకేర్ సంస్థ 1997 నుంచి పనిచేస్తోంది. మన దగ్గర బార్ అసోసియేషన్లు ఆ పని నేరుగా చేస్తే చిక్కొస్తుంది. బార్‌లో ఏటా ఎన్నికలు, వర్గాలు. అధ్యక్షుడి చెవిన వేసిన మాట ఎన్నికల నాటికి ఎక్కడ తేలుతుందో చెప్పలేం. కాబట్టి వినే మనిషి బయటివాడై ఉండాలి. అసోసియేషన్ డబ్బు పెట్టాలి, పేర్లు అడగకూడదు.

ఖర్చులేని పనులు కొన్ని ఉన్నాయి. వకాలత్‌లో రెండు పేర్లు రాయించుకోవడం ఇప్పటికీ వాడుకలో ఉన్నదే. దాన్ని లాంఛనంగా కాక, ఒకరి గడువుల పుస్తకం ఇంకొకరు చూసేలా ఇద్దరు సోలో ప్లీడర్లు ఒప్పందం చేసుకుంటే, 17వ ఆర్డరు అడిగే ప్రత్యామ్నాయం ముందే సిద్ధంగా ఉంటుంది. ట్రయల్ కేసులకి ‘ఉదయం’, ‘మధ్యాహ్నం’ అని లిస్టులో విడదీసి వేస్తే సగం ఎదురుచూపు తగ్గుతుంది. స్టయిపెండు విషయంలో సీనియర్ల మనస్సాక్షిని నమ్ముకోవడం కన్నా, సీనియర్ హోదాకి దరఖాస్తు చేసేటప్పుడు జూనియర్లకి ఎంత ఇస్తున్నారో రాయమనడం మేలు. ఇది నా అభిప్రాయం, ఎవరికైనా కోపమొస్తే రావచ్చు. ఇక బార్ క్రికెట్ టోర్నమెంట్లని తీసిపారేయకండి. మానసిక ఆరోగ్యం మీద సెమినార్ కన్నా అవే ఎక్కువ మేలు చేస్తాయి.

పక్క టేబులు ప్లీడరులో మార్పు కనిపిస్తే గమనించాలి. ఠంచనుగా వచ్చేవాడు కాల్ వర్క్‌కి రాడు. కట్టలు పేరుకుపోతాయి. సాయంత్రం ఒక్క పెగ్గు అన్నది మధ్యాహ్నానికి జరుగుతుంది. ‘నేను లేకపోయినా ఏం కాదులే’ అన్నట్టు మాట్లాడతాడు. అప్పుడు నలుగురిలో కాకుండా పక్కకి తీసుకెళ్లి నేరుగా అడగాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే చాలామంది తేలికపడతారు. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, ఆ రోజు వాయిదాలు పక్కవాళ్లు పంచుకోవాలి. టెలి మానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఎర్రగడ్డ పేరుతో జోకులు వేసే అలవాటుని కనీసం బార్ రూములో మానుకుంటే మంచిది. అక్కడికి వెళ్లాల్సినవాడు ఆ జోకు వింటూ అదే బల్ల దగ్గర టీ తాగుతూ ఉండొచ్చు.

చివరగా డబ్బు సంగతి. 2017 చట్టం 21వ సెక్షన్ నాలుగో క్లాజు ప్రకారం బీమా కంపెనీలు శరీర రోగాలకి ఏ ప్రాతిపదికన డబ్బిస్తాయో మానసిక రోగాలకీ అదే ప్రాతిపదికన ఇవ్వాలి. 2022 అక్టోబరు 31లోగా అన్ని పాలసీలనూ ఆ మేరకు మార్చాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గడువు పెట్టింది. బార్ ద్వారా గ్రూపు పాలసీ ఉన్నవాళ్లు ఆ కాగితం ఒకసారి తీసి మినహాయింపుల పేజీ చదవాలి. ఆసుపత్రిలో చేరితేనే ఇస్తారా, కన్సల్టేషన్లకీ ఇస్తారా అన్నది పాలసీని బట్టి మారుతుంది. క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు. అక్కడ వకాలత్ కూడా చెల్లదు. న్యాయవాదిని పెట్టుకోవడం కుదరదు, పాలసీదారు తన జబ్బు సంగతి తనే చెప్పుకోవాలి.